ఒక ప్రధాన సంఖ్య, దాని ఇరుగుపొరుగు

జనవరి ఒకటో తారీఖున ఒక వడ్ల గింజ పెట్టి, రోజురోజుకూ రెట్టింపు చేస్తూ పోదాం. రెండో తారీఖున రెండు గింజలు, మూడో తారీఖున నాలుగు, నాలుగో తారీఖున ఎనిమిది. నెలాఖరుకు కుప్పలో మొత్తం 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 గింజలు పడతాయి. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే దాదాపు 430 క్వింటాళ్లు. కోతల కాలంలో మిర్యాలగూడ చుట్టుపక్కల ఐకేపీ సెంటర్ల దగ్గర ఇంతకంటే పెద్ద రాశులు పోసి ఉంటాయి. 40 కిలోల బస్తాల్లో నింపితే వెయ్యి డెబ్బై పైచిలుకు బస్తాలు, అంతే. కానీ ఈ రాశిని ఇద్దరికి సమంగా పంచలేం. ముగ్గురికి పంచలేం. వంద మందికి, లక్ష మందికి, కోటి మందికి పంచబోయినా చివర్లో గింజలు మిగిలిపోతాయి. మొత్తం ఒక్కరికే ఇవ్వాలి, లేదా 214 కోట్ల పైచిలుకు మందిని పిలిచి తలా ఒక గింజ ఇవ్వాలి. ఎందుకంటే 2147483647 ప్రధాన సంఖ్య.

ఇప్పుడు ఆ రాశిలో ఇంకొక్క గింజ వేయండి. 2147483648 అవుతుంది, అంటే 2³¹. దీన్ని సగం చేయొచ్చు, ఆ సగాన్ని మళ్లీ సగం, అలా వరసగా 31 సార్లు, ఒక్క గింజ మిగిలేదాకా. సరే, వేసిన గింజను తీసేసి, దాంతోపాటు మరొకటి కూడా తీసేయండి. 2147483646 మిగులుతుంది. ఇది 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331. అన్నీ చిన్న కారణాంకాలే, కాగితం మీద గుణించి సరిచూసుకోవచ్చు. ఇటుపక్కదీ అటుపక్కదీ ఇంత సులువుగా విడిపోతుంటే నడిమిది మాత్రం విడిపోదు.

పెద్ద ప్రధాన సంఖ్య అనగానే చాలామంది ‘ఎంత పెద్దది, ఎన్ని అంకెలు’ అని అడుగుతారు. నన్నడిగితే ముందు అడగాల్సింది, దాని పక్కన ఏముంది అని. 2147483647 ప్రధానమని రెండున్నర శతాబ్దాల కిందటే రుజువు చేయగలిగారన్నా, ఆ తర్వాత కంప్యూటర్లలో అది పనికొచ్చిందన్నా, దాని ఇరుగుపొరుగు వల్లే.

ముప్పై ఒక్క ఒకట్లు

ఈ సంఖ్యను బైనరీలో, అంటే 0, 1 మాత్రమే వాడే పద్ధతిలో రాస్తే వరసగా 31 ఒకట్లు వస్తాయి. రెట్టింపు చేస్తూ పోసిన కుప్ప కదా, ప్రతిరోజుకూ ఒక 1 అన్నమాట. ఇలా 2 ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. మారిన్ మెర్సెన్ 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి.

ఒకట్లు ఎన్ని ఉండాలన్నది ఇష్టం వచ్చినట్టు తీసుకుంటే కుదరదు. 15 ఒకట్లు రాసి మూడేసి చొప్పున విడదీయండి: 111 111 111 111 111. బైనరీలో 111 అంటే 7. కాబట్టి ఈ పెద్ద సంఖ్య, అంటే 32767, ఏడుతో శేషం లేకుండా పోతుంది. ఒకట్లను సమానమైన గుంపులుగా చేయగలిగితే సంఖ్య కూడా విడిపోయినట్టే. అందుకే ఘాతాంకం, అంటే 2 పైన రాసే సంఖ్య, ప్రధాన సంఖ్య అయి తీరాలి. 31 ప్రధానమే, గుంపులు కట్టలేం.

అయితే అంతమాత్రాన పని అయిపోదు. 11 కూడా ప్రధానమే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఇక్కడే పెద్దపెద్దవాళ్లు తడబడ్డారు. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో 2⁶⁷ − 1, 2²⁵⁷ − 1 ప్రధానాలని ఉంది, రెండూ కావు. 61, 89, 107 ఘాతాంకాలకు వచ్చేవి ప్రధానాలు, అవి జాబితాలో లేవు. 2⁶⁷ − 1 అనేది 193707721 × 761838257287 అని 1903లో ఫ్రాంక్ కోల్ విడదీసి చూపించేదాకా దాని కారణాంకాలు ఎవరికీ తెలియవు. 31 విషయంలో మాత్రం మెర్సెన్ చెప్పింది నిజమే. నిజమని తేల్చడానికి 128 ఏళ్లు పట్టింది.

ఆయిలర్ తగ్గించిన పని

ఇంటర్ పిల్లలకు ఈ సంఖ్య చెప్పినప్పుడు దాదాపు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వస్తుంది. “సార్, కంప్యూటర్ లేకుండ అన్నిటితోని భాగించి చూసిన్రా?”

“అన్నిటితో కాదు బిడ్డా. ఓ ఎనభై సంఖ్యలతో చూసిన్రు” అంటాను. ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది, అక్కడినుంచే పాఠం మొదలవుతుంది.

బడిలో నేర్పే పద్ధతి ప్రకారం ఒక సంఖ్య ప్రధానమో కాదో తెలియాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. 2147483647 వర్గమూలం 46340 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలు సుమారు 4,800 ఉన్నాయి. 1772లో స్విస్ గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి తోటి గణితవేత్త బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఈ సంఖ్య ప్రధానమని తేల్చినప్పుడు ఆయనకు 65 ఏళ్లు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. 4,800 భాగహారాలు ఆయన చేయలేదు. ఏ సంఖ్యలతో భాగించనవసరం లేదో ముందే తేల్చుకున్నాడు. ఎలాగో చూద్దాం.

2147483647కు ఒక ప్రధాన కారణాంకం ఉందనుకుందాం, దాన్ని ‘క’ అందాం. 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేస్తూ పోయి ప్రతిదాన్నీ ‘క’తో భాగించి శేషం రాసుకుంటే, 31 అడుగులకు శేషం మళ్లీ 1 అవుతుంది. ఎందుకంటే 2³¹ అంటే ‘క’ గుణిజానికి ఒకటి ఎక్కువ. శేషాల చక్రం 31 అడుగుల్లో మొదటికొచ్చిందంటే, ఆ చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధానం కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 31. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ‘క − 1’ అడుగులకు కూడా శేషం 1 రావాలి. రెండూ కుదరాలంటే ‘క − 1’ అనేది 31 గుణిజం కావాలి. ‘క’ బేసి సంఖ్య కనుక 62 గుణిజం. అంటే 62 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలు తప్ప ఇంకేవీ దీన్ని భాగించలేవు. ఇందాకటి 2047తో సరిచూసుకోండి. అక్కడ ఘాతాంకం 11 కనుక కారణాంకాలు 22 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉండాలి: 23 = 22 + 1, 89 = 88 + 1. సరిపోయింది.

ఇంకో జల్లెడ కూడా ఉంది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే ఏదో ఒక వర్గ సంఖ్యను ‘క’తో భాగిస్తే శేషం 2 వస్తోంది. ఇది అన్ని ప్రధాన సంఖ్యలకూ సాధ్యం కాదు. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే వాటికే సాధ్యం. రెండు జల్లెడలూ కలిపి పడితే మిగిలేవి 248 గుణిజానికి 1 కలిపినవి, 63 కలిపినవి. 46340 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు సుమారు ఎనభై.

మొదటివి చూద్దాం. 63 ప్రధానం కాదు. 249 = 3 × 83, కాదు. 311 ప్రధానం, దీంతో పరీక్షించాలి. పది అంకెల సంఖ్యను నేరుగా భాగించొచ్చు, కానీ ఇంతకంటే సులువైన దారి ఉంది. 2⁸ = 256, ఇది 311కు 55 తక్కువ. కాబట్టి 2¹⁶ శేషానికి 55 వర్గం చాలు: 3025, దాన్ని 311తో భాగిస్తే 226. మళ్లీ వర్గం: 51076, శేషం 72. ఇది 2³² శేషం. సగం చేస్తే 2³¹ శేషం 36. ఒకటి తీసేస్తే 35. సున్నా కాదు, కాబట్టి 311 కారణాంకం కాదు. పలక మీద నాలుగు వరసల్లో అయిపోయింది. ఆ తర్వాత వచ్చే 497, 559, 745, 807, 993, 1055, 1241 ఏవీ ప్రధానాలు కావు, వదిలేయొచ్చు. తర్వాతి ప్రధానం 1303. దాంతో భాగిస్తే 226 మిగులుతుంది. ఇలా 46340 దాకా వెళ్లాలి. ఓపిక కావాలి, కానీ ఒక మనిషి చేయగలిగిన పనే.

ఈ రుజువుతో ఇంకో ఫలితం ఉచితంగా వచ్చింది. 2147483647ను 2³⁰తో గుణిస్తే వచ్చే 2305843008139952128 పరిపూర్ణ సంఖ్య. అంటే దాన్ని మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తుంది, 6 = 1 + 2 + 3 లాగ. ఇలాంటివాటిలో ఇది ఎనిమిదోది. 1811లో ఇంగ్లిష్ గణితవేత్త పీటర్ బార్లో, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోరని రాశాడు. ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి, కాబట్టి ఎవరూ ప్రయత్నించరన్నది ఆయన వాదన. 2147483647 నిజంగానే 1867 దాకా తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధానంగా నిలిచింది. బార్లో వాదనలోని రెండు ముక్కలూ తర్వాత తప్పిపోయాయి.

భాగించకుండా తేల్చడం

1876లో ఎడ్వార్డ్ లూకా 2¹²⁷ − 1 ప్రధానమని చూపించాడు. 39 అంకెలు, చేతిలెక్క. ఆయిలర్ పద్ధతిలో ఇది ఎన్ని జన్మలెత్తినా అయ్యేది కాదు. లూకా కారణాంకాలను వెతకనేలేదు. ఆయన పద్ధతిని 1930లో డెరిక్ లెమర్ ఇంకా చక్కదిద్దాడు. ఈనాటికీ రికార్డు ప్రధాన సంఖ్యలను తేల్చేది ఇదే లూకా–లెమర్ పరీక్ష.

పద్ధతి వినడానికి మంత్రంలాగ ఉంటుంది. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి. పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతాంకానికి రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 127 తీసుకోండి, అది 2⁷ − 1, కాబట్టి ఐదు సార్లు. 4 నుంచి 14. 14 వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 67. అక్కడినుంచి 42, తర్వాత 111. 111 వర్గంలోంచి 2 తీస్తే 12319. అది సరిగ్గా 97 × 127, శేషం సున్నా. ప్రధానమే. 2047తో తొమ్మిది సార్లు చేస్తే 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వస్తాయి. సున్నా రాలేదు. 23, 89 అనే కారణాంకాల ఊసే లేకుండా ఇది విడిపోతుందని తెలిసిపోయింది. మన 2147483647కు 29 సార్లు చేస్తే చాలు.

ఎందుకు పని చేస్తుంది? కుడిపక్క పొరుగు 2³¹ వల్ల. 4 అంటే 2 + √3, 2 − √3ల మొత్తం. వర్గం చేసి 2 తీసేయడమంటే లోపల 2 + √3ను వర్గం చేయడమే. చివర సున్నా వచ్చిందంటే, 2 + √3 ఘాతాల శేషాలు ఒక చక్రం తిరగడానికి సరిగ్గా 2³¹ అడుగులు పడుతున్నాయని అర్థం. ఇప్పుడు మన సంఖ్యకు వర్గమూలానికి మించని కారణాంకం ‘క’ ఉంటే, √3ను కలుపుకున్నా ‘క’ దగ్గర రాగల శేషాలు ‘క’ వర్గాన్ని దాటవు. ‘క’ వర్గం మన సంఖ్యను దాటదు. అంత ఇరుకు చోట 2³¹ అడుగుల చక్రం పట్టదు. కాబట్టి ‘క’ లేదు. పక్క సంఖ్య ఉత్త రెండ్ల గుణకారం కాబట్టే వర్గం చేసుకుంటూ పోవడంతో సరిపోయింది. సాధారణ సంఖ్యలకు ఈ వెసులుబాటు లేదు. ఏ సంఖ్యనైనా, అంకెలు పెరిగినా పని విపరీతంగా పెరిగిపోకుండా (బహుపది కాలంలో) కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో మన ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. సిద్ధాంతంగా అది మహత్తరం, కానీ ఇంత పెద్దవాటిపై లూకా–లెమర్ వేగం దానికి లేదు.

ఆ వేగానికి ఇంకో కారణం భాగహారం అక్కర్లేకపోవడం. 9తో భాగిస్తే శేషం కావాలంటే అంకెలు కూడితే చాలని ఐదో తరగతి పిల్లలకు తెలుసు. 10 అనేది 9కి ఒకటి ఎక్కువ కాబట్టి అలా కుదురుతుంది. అదే లెక్కన 2³¹ మన సంఖ్యకు ఒకటి ఎక్కువ. ఎంత పెద్ద సంఖ్యనైనా బైనరీలో 31 అంకెల చొప్పున ముక్కలు చేసి కూడితే శేషం వచ్చేస్తుంది. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనుక్కున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కు 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలున్నాయి. అంత పెద్దదాన్ని పరీక్షించడం ఈ వెసులుబాటు వల్లే సాధ్యమైంది.

కంప్యూటర్‌లో

ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లకు 2147483647 ముందే పరిచయం. 32 బిట్లలో, అంటే బైనరీ అంకెల్లో, ప్లస్ మైనస్ గుర్తుకు ఒకటి పోతే మిగిలే 31 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత వ్యవస్థల్లో ఈ సంఖ్య 2038 జనవరి 19 మంగళవారం, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. తర్వాతి సెకనుకు అలాంటి గడియారం 1901 డిసెంబరుకు దూకుతుంది. అయితే దీనికీ, సంఖ్య ప్రధానం కావడానికీ సంబంధం లేదు. పాత 16 బిట్ల హద్దు 32767 అని పైన చూశాం, అది 7 × 31 × 151. ఇప్పటి 64 బిట్ల హద్దులో 63 ఒకట్లు ఉంటాయి. మూడేసి విడదీస్తే అదీ 7తో పోతుంది. మధ్యలో 32 బిట్ల తరానికే హద్దు ప్రధాన సంఖ్యగా దొరికింది.

ఆ అదృష్టాన్ని వాడుకున్నారు. ఒక మండలంలో సర్వే కోసం వరసా వాయీ లేకుండా ఇళ్లను ఎంచుకోవాలంటే కంప్యూటర్‌తో యాదృచ్ఛిక సంఖ్యలు తీయిస్తాం. 1988లో స్టీఫెన్ పార్క్, కీత్ మిల్లర్ కనీస ప్రమాణంగా సూచించిన సూత్రం ఒక్క వరసలో అయిపోతుంది: ఉన్న సంఖ్యను 16807తో గుణించు, 2147483647తో భాగించి శేషం తీసుకో. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073, 984943658 అని వస్తాయి. చూడ్డానికి పొంతన ఉండదు. కానీ 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే వరస మళ్లీ మొదటికొస్తుంది.

ఏ సంఖ్యతో గుణించినా ఇలా జరగదు. 2తో గుణిస్తూ పోతే 31 అడుగుల్లోనే తిరిగి 1 దగ్గరకు వచ్చేస్తాం. 7తో అయితే మొత్తం చుట్టి వస్తాం. 214 కోట్ల అడుగులు నడవకుండానే ఈ సంగతి ఎలా తెలిసింది? ఎడమపక్క పొరుగు వల్ల. చక్రం పొడవు ఏదైనా 2147483646ను భాగించాల్సిందే. దాని ప్రధాన కారణాంకాలు 2, 3, 7, 11, 31, 151, 331. అంటే ఏడే ఏడు చోట్ల చూడాలి. 2147483646ను వీటిలో ఒక్కోదానితో భాగించి, వచ్చినన్ని అడుగుల దగ్గర 7 ఘాతం శేషం 1 కాదని చూసుకుంటే చక్రం నిండుది. 16807 అంటే 7⁵. ఈ ఏడింటిలో 5 లేదు కాబట్టి 16807 కూడా నిండు చక్రమే తిరుగుతుంది. పైగా, ఇలాంటి నిండు చక్రం ప్రధాన సంఖ్య దగ్గర తప్ప దొరకదు. కాబట్టి 2147483646 అడుగుల దగ్గర శేషం 1 వస్తుందని కూడా చూసుకుంటే, ఆ ఏడు పరీక్షలతో కలిపి అదే 2147483647 ప్రధానమనడానికి ఇంకో రుజువు.

కొత్త రికార్డు ప్రధానం దొరికినప్పుడల్లా ‘దీంతో ఆన్‌లైన్ చెల్లింపులు మరింత భద్రం’ అనే మాట వినిపిస్తుంది. అది నిజం కాదు. ఆన్‌లైన్ సమాచారానికి తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో వాడే ప్రధానాలు ఎవరికీ తెలియనివై ఉండాలి. 2048 బిట్ల తాళానికి 309 అంకెల వరకూ ఉండే రెండు ప్రధానాలు చాలు. ప్రపంచమంతా చూసిన నాలుగు కోట్ల అంకెల సంఖ్య అక్కడ పనికిరాదు. సాయం చేసేది ఆకారమే. వాట్సాప్ సందేశాల తాళాలకు వాడే వక్రరేఖ వెనక ఉన్న ప్రధాన సంఖ్య 2²⁵⁵ − 19, 77 అంకెలది. ఆ వక్రరేఖను రూపొందించిన డేనియల్ బెర్న్‌స్టీన్ దీన్ని దాచిపెట్టలేదు, అందరికీ చెప్పే ఎంచుకున్నాడు. రహస్యం వేరే సంఖ్యలో ఉంటుంది. 2²⁵⁵ పక్కనే 19 దూరంలో ఉంది కాబట్టి పై ముక్కను 19తో గుణించి కింది ముక్కకు కలిపితే శేషం దాదాపు వచ్చేసినట్టే. ఫోన్ కష్టపడదు.

మరి 31 బదులు 2147483647నే ఘాతాంకంగా పెడితే? 3 నుంచి 7, 7 నుంచి 127, 127 నుంచి లూకా తేల్చిన 39 అంకెల సంఖ్య, ఇలా ఒకదాన్నుంచి ఒకటి ప్రధానాలే వచ్చాయి కాబట్టి ఇక్కడా ఆశ పుడుతుంది. 2²¹⁴⁷⁴⁸³⁶⁴⁷ − 1 పూర్తిగా రాస్తే 64 కోట్ల అంకెలు దాటుతుంది. కానీ అది ప్రధానం కాదు. దాన్ని భాగించే సంఖ్య పదిహేను అంకెలది: 295257526626031. ఆయిలర్ జల్లెడ చెప్పినట్టే ఇది 2 × 68745 × 2147483647 + 1. సరిచూడ్డానికి 64 కోట్ల అంకెలు రాయనక్కర్లేదు. 2తో మొదలుపెట్టి వర్గం చేయండి, 295257526626031తో భాగించి శేషం ఉంచుకోండి. 31 సార్లు అలా చేస్తే మళ్లీ 2 వస్తుంది. సగం చేస్తే 1, ఒకటి తీసేస్తే సున్నా.